కంబళి పురుగును గుడ్డు దశ దాటనీయకుండా పట్టడం ఎలా

అనంతపురం ఎర్రనేలల చెనిక్కాయ చేలో కంబళి పురుగులు బారులు కట్టి నడుస్తున్నాయంటే పని చేయి దాటినట్టే. మందు కొట్టినా ముదిరిన పురుగు ఒక పట్టాన చావదు.

లెక్క చూడండి. కంబళి పురుగే పెరిగి రెక్కల పురుగు అవుతుంది. అందులో ఆడది వందల గుడ్లు పెట్టి వదిలేస్తుంది, సాకే పని పెట్టుకోదు. 700 గుడ్లు అనుకుందాం. 690 నాశనమైనా, మిగిలిన 10 వచ్చే ఏడు రెక్కలు కట్టుకుంటే ఒక జంట ఐదు జంటలవుతుంది. గడ్డి నేలల్లో బతికే పెద్ద పిట్ట బట్టమేకది దీనికి పూర్తిగా ఎదురు దారి: ఒక్క గుడ్డు పెట్టి దాన్నే కాచుకుంటుంది. అందుకే కంబళి పురుగుల్లో గుడ్లు పెట్టకముందు పట్టిన ఒక్క ఆడది, తర్వాత ఏరిన వందలతో సమానం.

జూన్, జులైల్లో నేల బాగా తడిసిన వాన పడగానే సాయంత్రం నుంచి రెక్కల పురుగులు లేస్తాయి. తెల్లటి రెక్కలు, ముందంచున పసుపు చార. రాత్రి 7 నుంచి 11 దాకా గట్ల మీద లైటు వేలాడదీసి, కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి కాస్త కిరోసిన్ కలపండి. పళ్లెం లేకుండా లైటు ఒక్కటే పెడితే పక్క చేలవి కూడా మీ చేలోకే వచ్చి గుడ్లు పెడతాయి. ఊరంతా ఒకే రాత్రి చేస్తేనే ఫలితం.

అన్నీ లైటుకు రావు. చేను చుట్టూ అలసంద, ఆముదం వేసుంటే వాటి ఆకుల అడుగున గుడ్ల గుంపులు వెతకండి. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగులు కొన్నాళ్లు ఒకే ఆకు మీద గుంపుగా గీకుతాయి, ఆకు జల్లెడవుతుంది. ఆ ఆకును పురుగులతో సహా తెంపి కిరోసిన్ నీళ్లలో వేయండి. నూగు దురద పెడుతుంది, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

పురుగులు చేనంతా చెదిరాక మిగిలిన దారి చేను చుట్టూ కందకమే: 30 సెం.మీ. లోతు, 25 సెం.మీ. వెడల్పు, గోడలు నిట్టనిలువుగా. ఏటవాలుగా తవ్వితే ఎక్కేస్తాయి.

బాగా ముదిరాక గట్లలో, చెట్ల నీడన మట్టిలోకి దిగి తొమ్మిది పది నెలలు పడుకుంటాయి. వేసవి దుక్కి మంచిదే, కానీ నాగలి ఆ చోట్లకు పోదు. పురుగు దిగిన చెట్లను ఇప్పుడే గుర్తుపెట్టుకుని, ఏప్రిల్, మేలో జానెడు లోతు పారతో తిరగేయండి. బయటపడ్డవాటిని కాకులు, గోరింకలు చూసుకుంటాయి.