నెలలు నిండని కాన్పుల్లో మెగ్నీషియం మోతాదు తప్పిపోకుండా చూడటం ఎలా

30 వారాలలోపే కాన్పయ్యేలా ఉన్న తల్లికి ప్రసవానికి ముందు నరం ద్వారా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తే, పుట్టే బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా లేకపోవడం) వచ్చే ముప్పు తగ్గుతుంది. ఎక్లాంప్సియా (గర్భిణుల్లో రక్తపోటు పెరిగి వచ్చే) ఫిట్స్‌కు వాడే మందే కాబట్టి ఇది లేబర్ రూముకు కొత్తేమీ కాదు. అయినా చాలాచోట్ల ఇది అందకపోవడానికి కారణం తెలియకపోవడం కంటే, ఆ హడావుడిలో గుర్తుచేసే బాధ్యత ఎవరికీ లేకపోవడమే.

ముందుగా గత ఏడాదిలో 30 వారాలలోపు పుట్టిన బిడ్డలందరి కేస్ షీట్లూ తీయించి, మందు ఇచ్చారా, ఇవ్వకపోతే ఎందుకని రాసుకోవాలి. ‘సమయం చాలలేదు’ అని ఉన్నచోట తల్లి చేరిన వేళను, ప్రసవ వేళను పక్కపక్కన పెట్టి చూడాలి. రాత్రి 11కు చేరి తెల్లవారుజామున 5కు ప్రసవించిన కేసులో ఆ కారణం నిలవదు.

ఇక్కడ, బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల లెక్క అడ్డుపడుతుంటుంది. వాటి ఫలితం పూర్తిగా రావడానికి సుమారు 24 గంటలు పడుతుంది కనుక, కాన్పు దగ్గరపడితే మెగ్నీషియం వల్ల కూడా ప్రయోజనం లేదనుకుంటారు. ప్రసవానికి కనీసం 4 గంటల ముందు మొదలుపెట్టడం మంచిదే గాని, అంత వ్యవధి లేదని మానేయకూడదు. అలాగని అత్యవసర సిజేరియన్‌ను దీనికోసం ఆపకూడదు.

4 గ్రాములు 20 నుంచి 30 నిమిషాల్లో, ఆపై గంటకు 1 గ్రాము చొప్పున ప్రసవం వరకు లేదా 24 గంటల వరకు అన్న మోతాదును కాగితంపై రాసి ట్రేకు అతికించి, అదే ట్రేలో మందు, సిరంజి, మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ ఉంచాలి. మందు ఎక్కువవుతోందేమో కనిపెట్టడానికి మోకాలి రిఫ్లెక్స్ (తడితే కాలు ఎగరడం), శ్వాస వేగం, మూత్రం పరిమాణం నమోదు చేసే పట్టిక కూడా అక్కడే ఉండాలి. ఫిట్స్ కేసుల్లో ఎలాగూ చేసే పనే ఇది.

ఒక నర్సు, ఒక ప్రసూతి వైద్యురాలు, ఒక పిల్లల డాక్టరు కలిసి బాధ్యత తీసుకుని, డ్యూటీ మారే ప్రతిసారీ ‘నెలలు నిండని కేసుందా, మెగ్నీషియం మొదలైందా’ అని అడిగించాలి. ఇంగ్లాండ్‌లో 2014లో 5 ఆసుపత్రుల్లో మొదలైన, ఇలాంటి తల్లులకు మెగ్నీషియం అందేలా చూసే ప్రీసెప్ట్ కార్యక్రమం దాదాపు ఈ పద్ధతిలోనే, 21 శాతంగా ఉన్న వాడకాన్ని 88 శాతానికి చేర్చింది.

నెలకు ఇలాంటి తల్లులు ఇద్దరు ముగ్గురే ఉండే చిన్న ఆసుపత్రిలో శాతాలు చూసి సంబరపడటమూ, దిగులుపడటమూ అనవసరం. తప్పిపోయిన ప్రతి కేసునూ వారంలోపు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారితోనే, నింద లేకుండా చర్చించడం అక్కడ ఎక్కువ పనికొస్తుంది.