ఎత్తైన కొండల్లోని నేషనల్ పార్కుకి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారా? బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

దారులు తెరిచి ఉన్నాయా, రాత్రి ఉండటానికి పర్మిట్ కావాలా అన్నది ముందే పార్కు వాళ్లని అడగండి. ఎండాకాలంలో కూడా పైన కనుమల్లో మంచు మిగిలి ఉంటుంది.

బట్టల గురించి మాత్రం గట్టిగా చెబుతాను, కాటన్ వద్దు. తడిస్తే త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకీ సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, దానికి గాలీ వానా తోడైతే వేసవిలో కూడా హైపోథెర్మియా (ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం) వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. లోపల ఉన్ని లేదా సింథటిక్, పైన రెయిన్ జాకెట్, బ్యాగులో పొడి సాక్సులు.

2,500 మీటర్లు దాటాక ఎత్తు పడక తలనొప్పి, వికారం మొదలైతే అక్కడే ఆగండి, ఎక్కువైతే వెంటనే కిందికి దిగండి. ఇందులో మొహమాటం వద్దు. 3,000 దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకండి.

మధ్యాహ్నం ఉరుములు మామూలే, కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి, మబ్బులు కమ్మేలోపు శిఖరాలు, కొండ గట్లు దిగిపోవాలి. మంచు కరిగి వచ్చే వాగులు కూడా సాయంత్రానికి ఉప్పొంగుతాయి, పొద్దున్నే దాటడం మేలు.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించే తాగండి, 2,000 మీటర్ల పైన 3 నిమిషాలు. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి, టూత్‌పేస్ట్ లాంటి వాసన వచ్చేవి టెంట్‌లో పెట్టుకోవద్దు.

ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకోండి. కాగితం మ్యాపు, హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.