అటాల్ చుట్టూ స్కూబా: ఏ చోట, ఏ వేళ దిగాలి

బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ వైపు మనవాళ్లకు సముద్రం కొత్త కాదు. కాకపోతే మన సముద్రంలో మాస్కు పెట్టుకుని దిగితే చాచిన చెయ్యి కూడా సరిగా కనబడదు. రుషికుల్య, మహానది తెచ్చే ఒండ్రు ఒకటి, ఒడ్డున విరిగే కెరటాలు లేపే ఇసుక ఒకటి. పగడానికి వెచ్చని ఉప్పునీరు, తేటదనం, ఎండ మూడూ కావాలి. అందుకే మనవైపు పగడం కనబడదు. సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున తిరిగే స్కూబా అటాల్ చుట్టూ చేయాలంటే లక్షద్వీప్ వెళ్లాలి. మన దేశంలో అటాల్‌లు అక్కడే ఉన్నాయి.

అటాల్ అంటే సముద్రంలో ఉంగరంలా పెరిగిన పగడపు దిబ్బ. ఒకప్పటి అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడం పైకి పెరుగుతూ వచ్చిందని డార్విన్ 1842లో వివరించాడు. ఉంగరం లోపలి నీరే లగూన్. చిలికా కూడా లగూనే గదా అనుకోకండి. చిలికాలో నదుల నీరు కలుస్తుంది, అడుగున బురద. ఇక్కడ పూర్తిగా ఉప్పునీరు, అడుగున తెల్ల ఇసుక. అయితే పాలూరు, రంభ వైపు వాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటి ఇక్కడా పనికొస్తుంది: మొగ దగ్గర నీటి పరుగు. అటాల్‌కూ మొగలుంటాయి, అంటే ఉంగరం తెగి నీరు లోపలికీ బయటికీ పారే దారులు. డైవ్ బాగుంటుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అటాల్‌లో దిగే చోట్లు మూడు రకాలు. లగూన్ లోపల లోతు చాలాచోట్ల పది మీటర్లలోపే. కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. అక్కడక్కడా ఇసుకలోంచి లేచిన పగడపు గుట్టలు, వాటి చుట్టూ చిన్న చేపలు, గడ్డి మేసే పచ్చ తాబేళ్లు. మన రుషికుల్య మొగకు గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లేలు, ఇవి వేరే జాతి.

రెండోది బయటి వాలు. లక్షద్వీప్‌లో చాలా దీవులు ఉంగరానికి తూర్పు అంచున ఉంటాయి, లగూన్ పడమర వైపు ఉంటుంది. అందుకే తూర్పున ఒడ్డుకు దగ్గర్లోనే నేల నిలువుగా దిగిపోతుంది. నీరు తేటగా ఉండేసరికి ముప్ఫై మీటర్ల లోతు కూడా పదిహేనులా అనిపిస్తుంది. ఇక్కడ కళ్లను నమ్మకూడదు, లోతు చూపే డైవ్ కంప్యూటర్‌నే నమ్మాలి. మొదటి శిక్షణకు ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్లు, తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్‌తో 30. ఇంకా కిందికి పోతే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, గాలి కూడా త్వరగా అయిపోతుంది.

మూడోది మొగ. పోటు వేళ బయటి సముద్రపు తేటనీరు లోపలికి వస్తుంది, దానితో పెద్ద చేపలూ వస్తాయి. ఆటు వేళ లగూన్‌లోని ఇసుక కలిసిన నీరు బయటికి తోసుకుపోతుంది. అప్పుడు దిగితే ఏమీ కనబడదు, పైగా మిమ్మల్ని నడిసముద్రంలోకి లాక్కుపోతుంది. కాబట్టి పోటు చివర్లో, నీరు నిలకడగా ఉన్నప్పుడు దిగాలి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. ప్రయాణం తేదీలు వేసుకునేటప్పుడు పంచాంగం చూసుకోండి. పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులు ప్రవాహం ఎక్కువ. అష్టమి నుంచి దశమి దాకా తక్కువ. మొగ డైవ్‌కు ఆ రోజులే మంచివి.

పేరున్న చోటే కావాలని బోటువాళ్ల మీద పట్టుబట్టకండి. గాలి ఎటు ఉందో చూసి దానికి చాటుగా ఉన్న వైపు తీసుకెళ్లేవాళ్లే పనితెలిసినవాళ్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి కెరటాలు పడమటి దిబ్బను బాదుతాయి, డైవింగ్ సాగదు. అక్టోబరు నుంచి మే మొదటి వారాల దాకా సీజన్.

ఇక గాలి లెక్క. అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటు ఉంటుంది. 200 బార్‌ ఒత్తిడికి నింపితే 2,200 లీటర్ల గాలి. పైకి వచ్చేటప్పటికి 50 బార్ మిగలాలి, అంటే వాడుకోవడానికి 1,650 లీటర్లే. నిదానంగా ఊపిరి తీస్తే నీటి పైన నిమిషానికి 20 లీటర్లు. పది మీటర్ల దగ్గర అది రెట్టింపు, ఇరవై దగ్గర మూడింతలు. పది మీటర్లలో 41 నిమిషాలు వచ్చే సిలిండర్ ఇరవైలో 27 నిమిషాలే వస్తుంది. కంగారుపడే కొత్తవాళ్లకు అదీ రాదు. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలిక అవుతుంది, చివర్లో పైకి లాగుతుంది. బరువుల బెల్టు కట్టేటప్పుడే ఈ తేడా లెక్కలో పెట్టుకోవాలి. లేకపోతే పైకి తేలేముందు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన చోట ఆగలేరు.

మన నోలియాలు, జాలారి కుర్రాళ్లు ఊపిరి బిగబట్టి అడుగుకు పోయిరావడంలో దిట్టలు. స్కూబాలో ఆ అలవాటే ప్రమాదం. పీల్చింది ఒత్తిడిలో ఉన్న గాలి. ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. ఎప్పుడూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. పైకి రావడం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊది, నొప్పి రాకముందే, మీటరుకొకసారైనా చెవులు సర్దుకోవాలి. జలుబుంటే ఆ రోజు దిగవద్దు. ఈత కళ్లద్దాలు పనికిరావు, ముక్కు కూడా కప్పే మాస్కు కావాలి. ఇంకొకటి: బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ప్రవాహం లాగితే ఎదురీదకండి. దమ్ము పోతుంది, గాలి పోతుంది. దానితో పాటే పోతూ నారింజ రంగు గొట్టం బెలూన్‌ను పైకి వదలండి, బోటు వెతుక్కుంటూ వస్తుంది. అది లేకుండా బయటి వాలుకు దిగనే దిగవద్దు. టైటాన్ ట్రిగ్గర్ చేప గూడు కాస్తుంటే తరుముతుంది. దాని కాపలా గూటి మీద గరాటులా పైకి విస్తరించి ఉంటుంది కాబట్టి పైకి కాదు, పక్కకు తప్పుకోవాలి. లయన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు తక్కువ కాకుండా ఆ చోటును ముంచి ఉంచాలి.

పగడాన్ని ముట్టవద్దు, దాని మీద నిలబడవద్దు. కాలికి తొడిగే ఫిన్‌తో లేపిన ఇసుక పడినా దానికి ఊపిరాడదు. 1998, 2010, 2016 వేడి ఏళ్లలో లక్షద్వీప్ పగడం చాలా తెల్లబడి చచ్చింది. ఎముకలా తెల్లగా కనిపించేది అందం కాదు, జబ్బు. గుర్తుగా చచ్చిన ముక్క తెచ్చుకున్నా నేరమే, గట్టి పగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి.

ఖర్చు వృథా కాకుండా ఉండాలంటే చెవులు సర్దుకోవడం, మాస్కులో నీళ్లు తీసేయడం ముందు విశాఖ రుషికొండలో నేర్చుకోండి. రైల్లో కొన్ని గంటల దూరమే. ఎర్నాకుళానికి బరంపురం మీదుగా నేరు రైళ్లున్నాయి, రాయగడ వాళ్లకు ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది. కొచ్చి నుంచి ఓడ, లేదా అక్కడి అగట్టి దీవికి విమానం. భారతీయులకైనా పర్మిట్ తప్పనిసరి, ముందు అది చేతికొచ్చాకే టికెట్లు.

తిరుగు ప్రయాణంలో ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కవద్దు, ఎత్తుకు పోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కొచ్చిలో దిగగానే మున్నార్ ఘాటు ఎక్కడమూ అలాంటిదే, అది 1,500 మీటర్ల పైమాటే. రైల్లో వచ్చే కోరాపుట్ వాళ్లకు మాత్రం ఆ బెంగ లేదు, ఘాట్ ఎక్కే వేళకు ఒక రోజు పైనే గడిచి ఉంటుంది.