ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన రోగికి ఆయాసం, నొప్పి, దగ్గు తగ్గేలా ఎలా చూసుకోవాలి?

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన దశలో రోగిని ఎక్కువగా వేధించేవి ఆయాసం, నొప్పి, దగ్గు, నీరసం, ఆకలి లేకపోవడం. ఇవి ఒకదాన్ని పట్టుకుని ఒకటి వస్తాయి. ఆయాసంతో నిద్ర కరువవుతుంది, నిద్ర లేని శరీరానికి నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, నొప్పితో ముడుచుకుని పడుకున్న మనిషి దగ్గి కఫం బయటికి తీయలేక మళ్లీ ఆయాసపడతాడు. కాబట్టి గడ్డకు చేసే చికిత్స ఒక పక్క నడుస్తుండగానే బాధలకు చేసే చికిత్స కూడా మొదలుకావాలి. దీన్నే పాలియేటివ్ కేర్ లేదా ఉపశమన వైద్యం అంటారు. ఇక ఏ వైద్యమూ లేదని తేలాక చెప్పే మాటగా చాలామంది దీన్ని పొరబడతారు. క్యాన్సర్ పాకిన 151 మంది ఊపిరితిత్తుల రోగులపై అమెరికాలోని బోస్టన్‌లో జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, మొదటి నుంచీ ఉపశమన వైద్యం అందిన వారికి కుంగుబాటు తక్కువగా ఉంది, జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందిన వారిది 8.9 నెలలు.

ఈ వైద్యంలో రోజువారీ భారం ఎక్కువగా మోసేది నర్సులు, వారి సూచనలతో ఇంట్లో చూసుకునేవారు. కింది అంచెలు వారి కోసం. మందుల మోతాదులు మాత్రం రోగిని చూసే డాక్టరే నిర్ణయించాలి.

మొదటి అంచె: ఒక నోటు పుస్తకం పెట్టండి

నాకు తెలిసినంతలో ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే పరికరం ఇదే. ప్రతిరోజూ ఒకే వేళకు, ఆయాసం, నొప్పి, నీరసం, వికారం, ఆకలి, నిద్రమత్తు, దిగులు, ఆందోళన ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 10 వరకు అంకె వేయమని రోగినే అడగండి. 0 అంటే అసలు లేదు, 10 అంటే ఊహించగలిగినంత ఎక్కువ. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 1991 ప్రాంతంలో రూపొందిన పట్టిక ఇలాంటిదే, ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అంకె రోగి నోటి నుంచే రావాలి. పక్కన కూర్చున్నవారు తమ భయాన్ని బట్టి ఒకసారి పెంచి, ఒకసారి తగ్గించి చెబుతారు.

అంకెతో పాటు సందర్భం కూడా రాయాలి. ఉదాహరణకు ఇలా: ‘తెల్లవారుజాము 3.40. బాత్రూమ్ నుంచి వచ్చాక ఆయాసం 8. ముందుకు వాలి కూర్చోబెట్టి, ఫ్యాన్ పట్టాం. పది నిమిషాలకు 4.’ ఇలాంటి నాలుగు పంక్తులు చూస్తే ఆయాసం నడకతో వస్తోందా, పడుకుంటే వస్తోందా, దిగులుతో వస్తోందా అన్నది నర్సుకు అర్థమవుతుంది. ‘రాత్రంతా బాగా ఇబ్బంది పడ్డారు’ అన్న మాటతో అంత తెలియదు.

రెండవ అంచె: ఆయాసాన్ని కారణంతో సహా పట్టుకోండి

ఆయాసానికి కారణం ప్రతిసారీ గడ్డే కానక్కరలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండవచ్చు, శ్వాసనాళం మూసుకుపోవచ్చు, న్యుమోనియా రావచ్చు, రక్తం తగ్గి ఉండవచ్చు, కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. ఇవన్నీ ఎంతో కొంత సరిదిద్దగలిగినవే. చేరిన నీటిని సూదితో తీయవచ్చు, పదేపదే చేరుతుంటే ఒక సన్నని గొట్టాన్ని అమర్చి ఇంట్లోనే తీసే ఏర్పాటు చేయవచ్చు. అందుచేత ఆయాసం కొత్తగా వచ్చినా, ఒక్కసారిగా పెరిగినా ‘జబ్బు ముదిరింది కదా’ అని సరిపెట్టుకోకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

ఆయాసం వచ్చిన క్షణంలో చేయవలసిన పని వేరు. రోగిని చదునుగా పడుకోబెట్టకూడదు. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒక బల్ల వేసి, దాని మీద రెండు దిండ్లు పెట్టి, మోచేతులు వాటిపై ఆన్చి ముందుకు వాలనివ్వండి. చేతుల బరువు దిండ్లు మోస్తే భుజాల కండరాలు ఊపిరికి సాయపడతాయి. మంచం మీద నుంచి లేవలేని వారిని తలవైపు ఎత్తుగా పెట్టి, మోకాళ్ల కింద దిండు ఉంచితే కిందికి జారిపోరు. మెడ, నడుము దగ్గర బట్టలు వదులు చేసి, కిటికీ తెరవండి.

తర్వాత చిన్న చేతి ఫ్యాన్ తీసుకోండి. చూడటానికి ఆటవస్తువులా ఉన్నా దీన్ని తక్కువ అంచనా వేయవద్దు. ముఖానికి జానెడు దూరంలో పట్టి, గాలి ముక్కుకు, పై పెదవికి, బుగ్గలకు తగిలేలా ఒక చెంప నుంచి మరో చెంపకు మెల్లగా తిప్పుతూ ఐదు నిమిషాల పాటు ఉంచాలి. ముఖం మీద చల్లగాలి తగిలినప్పుడు అక్కడి నాడులు మెదడుకు పంపే సంకేతం ఊపిరి ఆడటం లేదన్న భావనను తగ్గిస్తుంది. ఫ్యాన్‌ను రోగే పట్టుకోగలిగితే ఇంకా మంచిది, తన బాధకు విరుగుడు తన చేతిలోనే ఉందన్న ధైర్యం వస్తుంది.

ఈ సమయంలో పక్కనున్నవారు చేసే పెద్ద పొరపాటు ‘గట్టిగా పీల్చండి, గట్టిగా పీల్చండి’ అనడం. ఆయాసపడే మనిషి అప్పటికే గబగబా పీలుస్తూ, లోపలి గాలిని పూర్తిగా వదలలేక సతమతమవుతుంటారు. ‘మెల్లగా వదలండి’ అనండి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, దీపం ఆరిపోకుండా ఊదినట్టు పెదవులు సున్నాలా చుట్టి నాలుగు అంకెల సేపు వదలమని చెప్పి, మీరూ ఎదురుగా కూర్చుని అలాగే చేయండి. రెండు నిమిషాల్లో ఇద్దరి ఊపిరి ఒక లయకు వస్తుంది. జవాబు చెప్పవలసిన ప్రశ్నలు వేయకండి. తల ఊపితే సరిపోయేలా ‘ఫ్యాన్ కావాలా?’ అని మాత్రమే అడగండి. గదిలో ఇద్దరికి మించి ఉండకూడదు.

ఆక్సిజన్ గురించి ఒక మాట. రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గిన వారికి అది ఉపయోగపడుతుంది. శాతం సరిగా ఉన్నవారికి ఫ్యాన్ గాలి కంటే ఎక్కువ మేలు సాధారణంగా చేయదు, పైగా గొట్టానికి కట్టేసినట్టు అవుతుంది. అందుకే డాక్టరు రాయకుండా సిలిండర్ తెచ్చి పెట్టకండి. తెచ్చిన ఇంట్లో ఆ గదిలో పొయ్యి, దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ముక్కు ఎండిపోతే వాజిలీన్ వంటి జిడ్డు పదార్థాలు కాకుండా, నీటితో తయారైన జెల్ రాయాలి.

ఇన్ని చేసినా ఆయాసం తగ్గని వారికి డాక్టర్లు బలమైన నొప్పి మందైన మార్ఫిన్‌ను చిన్న మోతాదులో ఇస్తారు. మార్ఫిన్ అనగానే కుటుంబాలు భయపడతాయి. అయితే సరైన మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోతే అది ఊపిరిని ఆపదు, ఊపిరాడడం లేదన్న యాతనను తగ్గిస్తుంది.

మూడవ అంచె: నొప్పికి వేళ తప్పకుండా మందు

నొప్పి వచ్చినప్పుడు మాత్ర, తగ్గితే మానేయడం అన్న అలవాటు ఈ జబ్బులో పనికిరాదు. మామూలు మార్ఫిన్ ప్రభావం సుమారు 4 గంటలే ఉంటుంది కాబట్టి, నొప్పి తిరిగి లేవకముందే తర్వాతి మోతాదు పడాలి. గడియారం ప్రకారం ఇవ్వడమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పిన సూత్రాల్లో ఒకటి, నేటికీ మారలేదు. మధ్యలో నొప్పి పొంగితే ఇవ్వడానికి డాక్టరు విడిగా ఒక అదనపు మోతాదు రాస్తారు. అది ఎన్నిసార్లు అవసరమైందో పుస్తకంలో రాయండి, అసలు మోతాదు పెంచాలో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. స్నానం, డ్రెస్సింగ్ వంటి నొప్పి లేపే పనులకు అరగంట ముందు ఈ అదనపు మోతాదు ఇవ్వవచ్చా అని నర్సును అడగండి.

మార్ఫిన్ మొదలైన రోజే మలబద్ధకానికి మందు కూడా మొదలుకావాలి. మగత, వికారం కొద్ది రోజుల్లో తగ్గుతాయి కానీ మలబద్ధకం ఎన్నాళ్లు వాడినా తగ్గదు. మూడు రోజులుగా విరేచనం కాని మనిషి తినకపోవడానికి, కడుపునొప్పికి, కొన్నిసార్లు మతి తడబడటానికి కూడా అదే కారణమని తెలియక కొత్త మందుల కోసం తిరిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మెల్లగా కరిగే మార్ఫిన్ మాత్రలను నూరకూడదు, కొరకకూడదు, లేకపోతే 12 గంటల మందు ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. ఫెంటనిల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే నొప్పి మందు పట్టీ) అంటించిన చోట వేడినీటి సంచి పెట్టకూడదు, వేడికి మందు వేగంగా లోపలికి దిగుతుంది. రోగి పిలిచినా లేవలేనంత మత్తులోకి జారినా, ఊపిరి మరీ నెమ్మదించినా, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడుతున్నా తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఫోన్ చేయాలి.

నొప్పి ఎలాంటిదో కూడా చెప్పండి. మంటలా, కరెంటు షాకులా ఉంటే అది నరాల నొప్పి, దానికి మందులు వేరు. ఎముకలో ఒకచోట నొప్పికి చాలాసార్లు ఒకే ఒక్క విడత రేడియేషన్‌తో గణనీయమైన ఉపశమనం దొరుకుతుంది.

నాలుగవ అంచె: దగ్గు, రక్తం

పొడి దగ్గుకు గోరువెచ్చని పానీయం, తేనె కొంత హాయినిస్తాయి. దగ్గును అణిచే మందులు డాక్టరు రాస్తారు. కఫం ఉన్న దగ్గును అణచకూడదు. కూర్చోబెట్టి, పొట్టకు దిండు ఆన్చి దగ్గించాలి. కళ్లెలో రక్తపు చారలు కనిపిస్తే ఆ రోజే తెలియజేయాలి. పెద్ద మొత్తంలో రక్తం పడటం అరుదు, కానీ ముందే సిద్ధమై ఉండాలి. రక్తం ఏ ఊపిరితిత్తి నుంచి వస్తుందో డాక్టరును అడిగి పుస్తకం అట్ట మీద రాసుకోండి, ఎందుకంటే రోగిని ఆ పక్కకే తిప్పి పడుకోబెట్టాలి, అప్పుడు మంచి ఊపిరితిత్తిలోకి రక్తం పోదు. మంచం దగ్గర ముదురు రంగు తువ్వాళ్లు ఉంచండి. తెల్ల బట్ట మీద ఎర్రదనం రోగికీ, చూసేవారికీ రెట్టింపు భయం కలిగిస్తుంది.

ఐదవ అంచె: తిండి, నోరు, నీరసం

ఈ దశలో బరువు తగ్గడం తక్కువ తినడం వల్ల మాత్రమే జరగదు, జబ్బు శరీర రసాయనాన్నే మార్చేస్తుంది. బలవంతంగా పెట్టినంత మాత్రాన బరువు తిరిగి రాదు. ఆకలి ఉన్న వేళ, చాలామందికి అది ఉదయమే, ఇష్టమైనది కొద్దికొద్దిగా పెట్టండి. ఆకలి కోసం స్టెరాయిడ్ రాస్తే ఉదయం తిన్నాక ఇవ్వాలి, సాయంత్రం ఇస్తే నిద్ర పట్టదు, తనంతట తాను ఒక్కసారిగా ఆపకూడదు. నోరు మాత్రం రోజూ చూడండి. నాలుక మీద తెల్లని పొర కనిపిస్తే అది తరచూ ఫంగస్, మందుతో తేలిగ్గా పోతుంది, తిండి మళ్లీ రుచిస్తుంది. నీరసానికి రోజులోని శక్తిని పొదుపు చేయడమే మార్గం: స్నానం కూర్చుని, బట్టలు కూర్చుని, ఒక పనికీ మరో పనికీ మధ్య విశ్రాంతి. మిగిలిన బలాన్ని రోగి ఇష్టపడే పనికి దాచాలి.

వేచి చూడకూడని సందర్భాలు

నడుములోనో వెన్నులోనో కొత్త నొప్పి, దానితో కాళ్లలో బలం తగ్గడం, మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే వెన్నుపాము నొక్కుకుంటోందని అనుమానించాలి. నడవగలిగే స్థితిలో ఉండగానే చికిత్స మొదలైతే నడక మిగిలే అవకాశం ఎక్కువ కాబట్టి ఇందులో గంటలు కూడా లెక్కే. ముఖం, మెడ ఉబ్బి, మెడ సిరలు పొంగి, వంగితే ఎక్కువవుతుంటే ఛాతీలోని పెద్ద సిర ఒత్తుకుపోతోందని అర్థం. విపరీతమైన దాహం, వాంతులు, మతి తడబాటు కలిసి వస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండవచ్చు. కీమో తీసుకుంటున్న వారికి 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం ఏ వేళైనా ఆసుపత్రికి వెళ్లవలసిన విషయమే. ఇమ్యునోథెరపీలో (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి మళ్లించే చికిత్సలో) ఉన్నవారికి కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే మందు వల్లే ఊపిరితిత్తి వాచి ఉండవచ్చు. ఒక కాలు మాత్రమే వాచినా, మొదటిసారి మూర్ఛ వచ్చినా ఉదయం దాకా ఆగవద్దు.

చివరి రోజుల్లో

ఎక్కువ సేపు నిద్రలో ఉండటం, మింగలేకపోవడం, ఊపిరి మధ్యలో ఆగి మళ్లీ రావడం మొదలైతే నర్సును పిలిపించి, మింగనవసరం లేని రూపంలోకి మందులు మార్పించండి. గొంతులో చేరిన స్రావాల వల్ల గరగర శబ్దం వస్తుంది. వినేవారికి అది భరించరానిదిగా ఉన్నా, అప్పటికి రోగికి దాని వల్ల బాధ తెలియదనే వైద్యులు భావిస్తారు. గొట్టం వేసి లాగడం కంటే పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తి ఉంచితే చాలాసార్లు తగ్గుతుంది, తగ్గకపోతే ఇంజెక్షన్ ఉంది. తడి దూదితో పెదవులు, నోరు తుడవండి. కొన్ని గంటలకొకసారి మెల్లగా పక్క మార్చండి. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి మందులు మిగిలిపోతే ఇంట్లో ఉంచకుండా, మరొకరికి ఇవ్వకుండా, లెక్క చూసి ఆసుపత్రికో మందుల షాపుకో తిరిగి అప్పగించండి.