బీపీడీ కోపానికి డాక్టర్ యాంటీడిప్రెసెంట్ రాస్తే ఏం చూసుకోవాలి

ముందే ఒక మాట, బీపీడీకి, అంటే భావోద్వేగాలు, బంధాలు నిలకడ లేకుండా ఊగిసలాడే బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌కి అని ప్రత్యేకంగా అప్రూవ్ అయిన మందు ఒక్కటీ లేదు, బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే సంస్థ నైస్ (NICE) గైడ్‌లైన్ అయితే 2009లోనే ఈ జబ్బుకి గానీ ఇందులోని కోపం లాంటి లక్షణాలకి గానీ మందులు వాడొద్దంది. మరి డాక్టర్ ఫ్లూక్సెటిన్ అనే యాంటీడిప్రెసెంట్ ఎందుకు రాస్తారంటే, 1990ల్లో జరిగిన చిన్న ట్రయల్స్‌లో కొంతమందికి కోపం తగ్గింది, పైగా బీపీడీతో పాటు డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్లు చాలామంది, వాటికి ఇది పనికొస్తుంది. తర్వాత అదే రకం మందైన ఫ్లూవోక్సమిన్ ట్రయల్‌లో మాత్రం మూడ్ మార్పులు తగ్గాయి గానీ దూకుడు తగ్గలేదు. అందుకే ఇది దేనికి రాస్తున్నారు, ఎన్నాళ్లు చూస్తాం అని మొదటిరోజే అడిగేయండి.

ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉంటే, లేదా మీకే ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట రాకుండా హుషారుగా ఉండి ఉంటే దాచకుండా చెప్పండి, అలాంటివాళ్లకి ఈ మందుతో మానియా, అంటే అదుపు తప్పిన విపరీతమైన హుషారు, రావచ్చు. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నా చెప్పాలి.

మాత్ర మొదలుపెట్టకముందు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. "రాత్రి 9, మెసేజ్‌కి రిప్లై లేదు, కోపం పదికి 8, ఫోన్ విసిరా, చల్లారడానికి గంటన్నర" అని ఇంత రాస్తే చాలు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, కోపం రావడమే తగ్గిందా, వచ్చినా త్వరగా దిగుతోందా అని డాక్టర్‌కి పేజీలు చూపించొచ్చు, "పర్లేదండీ" అని చెప్పడం కంటే ఇది వంద రెట్లు నయం.

మొదటి వారాల్లో వికారం, నిద్ర తేడా మామూలే. కానీ ఒకచోట కూర్చోలేనంత అలజడి, చిరాకు ఇంకా పెరగడం, చనిపోవాలన్న ఆలోచన, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వాళ్లలో, ఇవి కనపడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి తెలిసుండాలి. మాత్రలు ఎక్కువ స్టాక్ పెట్టొద్దు, స్ట్రిప్ నమ్మకస్తుల దగ్గర ఉంచితే మంచిది.

బాగుంది కదా అని టక్కున ఆపొద్దు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి యాంటీడిప్రెసెంట్లు అయితే తల తిరగడం, కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం, విపరీతమైన చిరాకు వస్తాయి, దాన్ని చూసి జబ్బు తిరగబెట్టింది అనుకుంటారు. కోపమొచ్చిందని ఎవరో ఇచ్చిన ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మత్తు మాత్ర) వేసుకోవడం అసలు వద్దు, బీపీడీలో అది అదుపు ఇంకా తప్పించగలదు.

కోపాన్ని పట్టుకోవడం నేర్పేది థెరపీయే, డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ) చేసేవాళ్లు దొరికితే వదలొద్దు. దొరికేలోపు, లేదా రాత్రిపూట భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.