పాత పంటిని చూసి గొర్రెల ఈత కాలం కనుక్కోవడం ఎలా?

నవీన శిలాయుగపు రైతుల మందలు ఏ కాలంలో ఈనేవో చెప్పేది గొర్రె పన్నే. "గొర్రెలు వసంతంలోనే కదా ఈనేది" అని ముందే నిర్ణయించుకున్నవారికి ఈ పనితో అవసరం లేదు.

గొర్రె రెండో చర్వణకం (వెనకవైపు నమిలే పన్ను), వజ్రపు మొన ఉన్న చిన్న డ్రిల్, దూరాలు కొలిచే కాలిపర్ సిద్ధం చేసుకోండి. అది మేక పన్ను కాదని ముందే తేల్చుకోండి. మొదటి చర్వణకం వద్దు. పిల్ల తల్లి కడుపులో ఉండగానే అది తయారవడం మొదలవుతుంది. బాగా అరిగిన పన్నూ వద్దు, అందులో ఏడాది మొత్తం పెరుగుదల ఉండదు. పంటిపై మట్టి, పంటికి సహజంగా ఉండే సిమెంటమ్ అనే పై పొర గీకేయండి.

అసలు చిక్కు ఎనామిల్ (పంటి గట్టి పొర) పొడి కోసం డ్రిల్‌తో గీతలు తీయడంలోనే వస్తుంది. గీతలన్నీ పంటి ఒకే తమ్మెపై (ఉబ్బుగా ఉండే భాగంపై), పన్ను పెరిగిన దిశకు అడ్డంగా, పైనుంచి కిందికి వరుసగా ఉండాలి. గీత ఏటవాలుగా పోతే రెండు కాలాల పొడి ఒకే గొట్టంలో కలుస్తుంది. మిల్లీమీటరు వెడల్పు దాటకండి. లోతు విషయంలో తొందర వద్దు: ఎనామిల్ కింద ఉండే మెత్తని పొర, డెంటీన్, తగలగానే ఆపాలి. వేల ఏళ్లు మట్టిలో ఉన్న డెంటీన్ మారిపోయి ఉంటుంది, అది కలిసిన పొడిని పారేయడమే. ఇక ప్రతి గీత దూరాన్నీ ఎనామిల్ ముగిసి వేరు మొదలయ్యే అంచు నుంచే కొలవాలి. పైనుంచి కొలిచేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. పై అంచు అరుగుతుంది కదా!

మిగతాది ప్రయోగశాల పని: ప్రతి గీత పొడిలో ఆక్సిజన్-18 (బరువైన రకం ఆక్సిజన్) ఎంతుందో కొలుస్తారు. గొర్రె తాగిన నీటి ఆక్సిజన్ పెరిగే ఎనామిల్‌లో చేరుతుంది కాబట్టి కాలాలు అందులో అలలా నమోదవుతాయి. ఐరోపాలో వేసవి నీటిలో ఆక్సిజన్-18 ఎక్కువ, చలికాలంలో తక్కువ. ఆ అలకు కొసైన్ వక్రరేఖ (క్రమంగా ఎగసి పడే గణిత రేఖ) అమర్చి, శిఖరం దూరాన్ని ఏడాది పెరుగుదల పొడవుతో భాగించండి. పుట్టిన తేదీ తెలిసిన నేటి గొర్రెలతో పోలిస్తే ఈత కాలం తేలుతుంది. దానికి 5 నెలలు వెనక్కి వెళితే పొట్టేలు కట్టిన కాలం.

దవడ అరుగుదల చూసి లెక్కకట్టేవారు చంపిన వయసు మాత్రమే చెప్పగలరు. పుట్టిన నెల వారు ఊహించుకున్నదే. ఈ పద్ధతి వల్లే పశ్చిమ మధ్యధరా ప్రాంతంలో క్రీ.పూ. 6వ సహస్రాబ్దిలోనే శరత్కాలపు ఈతలు ఉన్నాయని తెలిసింది.

దక్కనులో ఐరోపా కొలమానం వాడకండి. ఇక్కడ వాన నీటిలో ఆక్సిజన్-18 తగ్గేది రుతుపవనాల కాలంలో. ముందు పుట్టిన తేదీ తెలిసిన స్థానిక గొర్రెల పళ్లు సేకరించుకోవాలి.