ఇంట్లోనే బడి, ఇంట్లోనే భోజనం: పిల్లల పగటి తిండికి వేళలు నిలబెట్టడం ఎలా?

బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఉదయం ఎనిమిదిన్నరకల్లా డబ్బాలు కట్టడం అయిపోతుంది. ఏం తినాలో ఆ డబ్బా చెబుతుంది, ఎప్పుడు తినాలో బడి గంట చెబుతుంది. హోమ్‌స్కూలింగ్ చేసే ఇంట్లో డబ్బా లేదు, గంటా లేదు. పుస్తకాలు పరిచిన చోటి నుంచి ఫ్రిజ్‌కు పది అడుగుల దూరం. ఎనిమిదింటికి దోసె తిన్న పిల్ల తొమ్మిదిన్నరకు బిస్కెట్లు అడుగుతుంది, పదిన్నరకు అరటిపండు, పన్నెండుకు గుప్పెడు మరమరాలు. ఒంటిగంటకు కంచం ముందు కూర్చోబెడితే "నాకు ఆకలిగా లేదు" అంటుంది.

మేం హైదరాబాద్‌లో ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నాం. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఆరు. మొదటి ఏడాది పాఠాలు చెప్పడం కంటే, పాఠం మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి రావడమే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది. అప్పటి నుంచి ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. కొత్త వంటలు నేర్చుకోవడం ఇందులో చిన్న పని. వేళలు నిలపడమే పెద్ద పని.

1. ముందు మూడు రోజులు రాసిపెట్టండి

ఏమీ మార్చకండి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి, పిల్లలు తిండి అడిగిన ప్రతిసారీ టైము, ఏం అడిగారు, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది రాయండి. మూడో రోజు సాయంత్రం ఆ కాగితం చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

మా చిన్నదానికి గుణింతాలు రాయాల్సిన ప్రతిసారీ ఆకలి వేసింది. లేచి నీళ్లు తాగి, వరండాలో రెండు చుట్లు పరుగెత్తి వస్తే ఆ ఆకలి పోయేది. పెద్దవాడి సంగతి వేరు. పదకొండింటికి వాడికి నిజంగానే కడుపు కాలేది, ఎందుకంటే పొద్దున పెట్టిన రెండు ఇడ్లీలు వాడికి చాలడం లేదు. పైకి ఒకేలా కనిపించిన ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. ఒకరికి పాఠాన్ని చిన్న ముక్కలు చేశాం, ఇంకొకరికి టిఫినులో గుడ్డో, పల్లీ చట్నీ ఇంకొంచెమో చేర్చాం.

ఏ ఆకలి ఎలాంటిదో తెలియకపోతే "పెరుగన్నం కలిపి ఇవ్వనా?" అని అడిగి చూడండి. సరేనంటే అది నిజమైన ఆకలి. "వద్దు, బిస్కెట్లే కావాలి" అంటే కాసేపు ఆగవచ్చు.

2. రోజుకు ఐదు వేళలు, వాటి మధ్య నీళ్లు

మా వేళలు ఇవి: 8:00కు టిఫిను, 10:30కు చిరుతిండి, 1:00కు భోజనం, 4:00కు సాయంత్రపు తిండి, 7:30కు రాత్రి భోజనం. మీ ఇంటి తీరును బట్టి మార్చుకోండి కానీ రెండు వేళల మధ్య రెండున్నర నుంచి మూడున్నర గంటల దూరం ఉండనివ్వండి. ఆ మధ్యలో మంచినీళ్లు ఎన్నిసార్లయినా తాగవచ్చు, తినడం మాత్రం లేదు.

ఆరేళ్ల పిల్లకు "పదిన్నర దాకా ఆగు" అంటే అర్థం కాదు. అందుకని అట్టముక్కల మీద ఐదు గడియారాలు గీసి, ముళ్లు ఏ వేళకు ఎక్కడ ఉంటాయో వేసి, గోడ గడియారం కింద వరసగా అంటించాం. చిన్నది తల ఎత్తి పై గడియారాన్ని, కింది బొమ్మనూ మార్చి మార్చి చూసేది. నెల తిరగకుండానే టైము చూడటం నేర్చుకుంది. మేం విడిగా చెప్పిన పాఠమేమీ లేదు.

మొదటి వారం గొడవ తప్పదు. ఏడుస్తారు, బతిమాలుతారు. నాలుగో రోజున మనసు కరిగి ఒక్క బిస్కెట్ ఇచ్చానంటే మళ్లీ మొదటికొచ్చేదని నాకు అనుభవమే. అయితే జ్వరం వచ్చిన రోజు, ఎండలో ఆడి వచ్చిన రోజు, నాలుగేళ్ల లోపు పిల్లలు ఉన్నప్పుడు ఈ నియమాన్ని సడలించాలి. పసిపిల్లల పొట్ట చిన్నది, వాళ్లకు తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పెట్టాలి.

3. బడికి పంపుతున్నట్టే ఉదయమే డబ్బా కట్టండి

ఇది చేసిన రోజు నుంచే నాకు ఊపిరి ఆడింది. ఎనిమిదింటి టిఫిను అయ్యాక ఇద్దరికీ రెండు స్టీలు డబ్బాల్లో 10:30 చిరుతిండి సర్ది, వాళ్ల చేతికి అందే అలమరలో పెడతాను. గడియారం ముల్లు అక్కడికి రాగానే వాళ్లే తీసుకుని, చాప పరుచుకుని తిని, డబ్బా కడిగి బోర్లిస్తారు. నేను పాఠం దగ్గర నుంచి లేవను.

డబ్బాలో ఒక పండు, దానితో పాటు కడుపులో కాసేపు నిలిచేది ఒకటి. తాళింపు వేసిన శనగ గుగ్గిళ్లు, ఉడికిన పల్లీలు, పుట్నాలు వేసిన అటుకులు, సున్నుండ, వారంలో ఒకరోజు పల్లీపట్టి. గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండండి. రుచి సంగతి అలా ఉంచితే, నిమ్మలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అదే కారణంతో పిల్లలకు టీ వద్దు. టీలోని టానిన్లు ఇనుమును పట్టనివ్వవు. బెల్లంతో చేసినవి కదా అని పట్టీలు, ఉండలు ఎన్నయినా పెట్టవచ్చనుకోకండి. బెల్లం కూడా తీపే, ఒకటి చాలు.

నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వవద్దు. గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి ఇవ్వండి. ద్రాక్ష పళ్లను నిలువుగా చీల్చి ఇవ్వండి. చిన్నవాళ్లు తింటున్నప్పుడు పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

4. మధ్యాహ్న భోజనానికి సర్కారు బడి కొలత

ఇంట్లో ఎంత వండాలి, దేనికి తక్కువ చేస్తున్నాం అన్నది తేల్చుకోవడానికి నాకు పనికొచ్చిన కొలత ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానిది. పీఎం పోషణ్ పథకంలో 1 నుంచి 5 తరగతుల పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. దానితో 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. 6 నుంచి 8 తరగతులకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె; అంటే 700 కిలో క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు.

ఒక్కరోజు వంటింటి త్రాసు మీద తూచి చూడండి. నేను తూచినప్పుడు బియ్యం లెక్క సరిపోయింది, కూర దగ్గరే దొరికిపోయాం. చిన్నదాని కంచంలో రెండు దొండకాయ ముక్కలు తప్ప ఏమీ లేవు. అప్పటి నుంచి ఆకుకూరను పప్పులోనే వేసి వండుతున్నాను. పాలకూర పప్పు, తోటకూర పప్పు, మెంతికూర పప్పు వారంలో మూడు రోజులు ఉంటాయి. పప్పూ కూరా ఒక్క గిన్నెలో అయిపోతే పాఠాల రోజున పనీ తగ్గుతుంది.

వేడి తగ్గిన అన్నాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మిగిలేలా ఉంటే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన అన్నంలోనూ సూక్ష్మజీవులు పెరిగి వాంతులు తెప్పిస్తాయి, మళ్లీ వేడి చేసినంత మాత్రాన వాటి విషం పోదు.

5. ఏం పెట్టాలో మీరు చెప్పండి, ఎంత తినాలో వాళ్లను చెప్పనివ్వండి

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఈ పని పంపకాన్ని చాలా స్పష్టంగా చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల పని. ముద్దలు కలిపి వెంటపడి తినిపించే మన ఇళ్లలో ఈ రెండో సగం చాలా కష్టం. నాకూ కష్టమే అయింది. కానీ "ఇంకొక్క ముద్ద" అనడం మానేశాక మా భోజనం నలభై నిమిషాల నుంచి ఇరవైకి దిగింది.

పెట్టింది నచ్చకపోతే మా ఇంట్లో ప్రత్యామ్నాయం ఒక్కటే: పెరుగన్నం. విడిగా నూడుల్స్ ఉడికించడం, ఆమ్లెట్ వేయడం ఉండదు. అదీ వద్దంటే నాలుగింటికి మళ్లీ తిండి ఉంది కదా అని వదిలేస్తాం.

6. అత్తయ్యకు నాలుగు గంటల వేళ అప్పగించాను

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ పద్ధతి వాళ్లను కలుపుకోకుండా నిలవదు. మా అత్తయ్య దగ్గర జంతికల డబ్బా ఉండేది. అడిగినప్పుడల్లా తీసి ఇచ్చేవారు. నేను వద్దంటే "పసివాళ్లు నోరు తెరిచి అడిగితే లేదంటానా అమ్మా?" అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. రెండు రోజులు ఆలోచించి, "అత్తయ్యా, నాలుగు గంటల తిండి పూర్తిగా మీదే. ఏం చేసినా సరే. మిగతా వేళల్లో అడిగితే గడియారం చూపించండి, చాలు" అన్నాను. ఇప్పుడు ఒకరోజు రొట్టె, ఒకరోజు ఉడికించిన చిలగడదుంపలు, ఒకరోజు రాగిజావ. మధ్యలో ఎవరైనా డబ్బా దగ్గరకు వస్తే ఆవిడే "ముల్లు నాలుగు మీదికి రానివ్వరా" అంటారు.

రాగిజావ ఆవిడ దగ్గర పెద్దవాడు నేర్చుకున్నాడు. రెండు పెద్ద చెంచాల రాగిపిండిని అరగ్లాసు చల్లనీళ్లలో ఉండలు కట్టకుండా కలపాలి. పొయ్యి మీద రెండు గ్లాసుల నీళ్లు తెర్లుతుండగా ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పాలి. మొదటిసారి వాడు తిప్పడం ఆపి లోపలికి తొంగి చూశాడు, అడుగున బఠాణీలంత ఉండలు కట్టాయి. రెండోసారి గరిటె వదల్లేదు. ఆరేడు నిమిషాలకు జావ రంగు ముదిరి, పైన నిగారింపు వస్తుంది. అప్పుడు దించి, చల్లారాక వాడికి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. చెల్లెలికి పాలు, బెల్లం. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు.

7. ఆదివారం రెండు గంటలు

వారం మొత్తానికి వండి పెట్టుకోవడం నాకు నచ్చదు. సగం పని చేసి ఉంచుకుంటే చాలు. ఒకటికి మూడు పాళ్లలో మినప్పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పులిహోర గుజ్జు, వేయించి పొట్టు తీసిన పల్లీలు, కరివేపాకు పొడి. పిండి మొదటి రెండు రోజులు దోసెలకు, ఆ తర్వాత ఊతప్పానికి, పులుపెక్కాక గుంతపొంగనాలకు. శనగలు నానబెట్టడం ఆరేళ్లదాని పని. రాత్రి నానబెట్టేటప్పుడు ఒక గింజ, పొద్దున ఒక గింజ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది.

8. బయటికి వెళ్లే రోజులు

గ్రంథాలయానికో, జూకో, ఈత తరగతికో వెళ్లిన రోజున ఈ వేళలన్నీ కదిలిపోతాయి. డబ్బా లేకుండా బయలుదేరితే పదిన్నరకల్లా చిప్స్ ప్యాకెట్ కొనాల్సి వస్తుంది. పులిహోర, పండు, నీళ్ల సీసా ముందురోజు రాత్రే అనుకుని పెట్టుకోండి. పెరుగన్నం తీసుకెళ్లాలంటే మెత్తని అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు మాత్రం కలపండి. తినే వేళకు అది కమ్మగా తోడుకుని ఉంటుంది. మండు వేసవిలో మాత్రం పెరుగు ఇంకా తగ్గించి, డబ్బాను తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి.